అద్దానికి అవతలి కొస

మా మరిదిని అందరూ అద్దాల మేస్త్రీ అంటారు. నేను మాత్రం మొదట్లో గాజుబొమ్మ అనేదాన్ని. మా చెల్లెల్ని చేసుకున్న కొత్తలో మా ఇంటికి వస్తే కుర్చీ ఎక్కడ విరుగుతుందో అన్నట్టు ఆచితూచి కూర్చునేవాడు. బెరుకు కాబోలు అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది బెరుకు కాదు, వృత్తి. మనిషంత ఎత్తు అద్దాలను పొద్దస్తమానం మోసేవాడు ఏ పనీ దబ్బున చెయ్యడు. తలుపు వేసినా, కప్పు బల్లమీద పెట్టినా చప్పుడు కాదు. మా చెల్లెలు అందుకు పూర్తిగా వ్యతిరేకం. అది వంటింట్లో గిన్నె దించితే వీధి మొదట్లో ఉన్న నా ఇస్త్రీ కొట్టులోకి వినిపిస్తుంది. ఈ ఇద్దరికీ ఎలా కుదిరిందిరా దేవుడా అని నవ్వుకునేదాన్ని. కుదిరింది మరి, ఇద్దరు ఆడపిల్లలు కూడానూ.

అతని పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పెద్ద అద్దాన్ని ఒక్కడు మొయ్యలేడు. ఇద్దరు చెరో కొస పట్టాలి. మధ్యలో ఉన్నది అద్దమే కాబట్టి ఒకరికొకరు కనబడుతూనే ఉంటారు, కానీ మాట్లాడుకోరు. అవసరం లేదట. అవతలివాడి అడుగు తడబడినా, పట్టు సడలినా, చెయ్యి వణికినా అద్దంలోంచి ఇవతలివాడి చేతికి తెలిసిపోతుందట. అందుకే చెయ్యి వణికేవాడితో ఎవరూ జోడీ కట్టరు. అది పొగరు కాదు, ప్రాణభయం. జ్వరంతో వచ్చినవాణ్ణి, ఇంట్లో పోట్లాడి వచ్చినవాణ్ణి కూడా ఆ పూటకి పక్కన కూర్చోబెట్టేస్తారు. కూర్చుంటే కూలి ఉండదు. దాంతో ఆ పనివాళ్ళు ఒంట్లో ఎలా ఉన్నా బయటపడరు. అద్దం ఎత్తడం నేర్చుకున్నప్పుడే నొప్పి దాచడం కూడా నేర్చుకుంటారు.

మా మరిదికి పెళ్ళికి ముందు నుంచీ ఒకటే జోడీ. ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మం దగ్గర వంగి లోపలికి రావాల్సినంత పొడుగు మనిషి కాబట్టి పొడుగాయన అంటాం. ఇతను ఆయన్ని అన్నా అంటాడు, ఆయన ఇతన్ని తమ్ముడూ అంటాడు. రక్తసంబంధం ఏమీ లేదు. "ఆయనకి మొదటి పెళ్ళాం ఆ పొడుగాయన, నేను రెండోదాన్ని" అని మా చెల్లెలు వేళాకోళం చేసేది.

ఆ పొడుగాయన వల్లే మా మరిది చెయ్యి పోయింది. అలా అనకూడదు గానీ, జరిగింది అదే. గోడౌనులో అద్దాలను ఏటవాలు స్టాండుకు ఆనించి పట్టీ బిగిస్తారు. ఒకరోజు ఆ పట్టీ తెగింది. పడే అద్దానికి అడ్డం వెళ్ళకూడదు, వెనక్కి జరగాలి, ఆ పనిలో మొదటి పాఠం అది. కానీ పొడుగాయనకు జరగడానికి చోటు లేదు, వెనక గోడ. మా మరిది కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. పొడుగాయన పక్కకు దూకేంత వ్యవధి దొరికింది. ఇతని చెయ్యి మణికట్టు దగ్గర్నుంచి మోచేతి దాకా తెగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు తెగిన నరాలనూ, వేళ్ళను కదిలించే తాళ్ళలాంటివాటినీ కలిపి కుట్టాడు. "చెయ్యి మిగిలింది, సంతోషించండి. లోపల అతుక్కుపోతే ఇంకో ఆపరేషన్ అవసరం రావచ్చు, కొన్నాళ్ళు పోతే గానీ చెప్పలేను" అన్నాడు. మేం మొదటి ముక్కే విన్నాం. రెండోది వినే ఓపిక ఆ రోజు ఎవరికీ లేదు.

పనిలో దెబ్బ తగిలింది కాబట్టి వైద్యం ఖర్చు, ఇంట్లో ఉన్నన్నాళ్ళూ జీతంలో కొంత భాగం కంపెనీ తరఫున బీమావాళ్ళు ఇస్తూ వచ్చారు. నెలలు గడిచాక వాళ్ళ డాక్టరు దగ్గరికి పరీక్షకు రమ్మన్నారు. చెయ్యి ఎంత పోయింది, ఎంత మిగిలింది అని తేల్చడానికట. మా చెల్లెలు తోడు వెళ్ళాల్సింది. ఆ పొద్దున చిన్నదానికి జ్వరం వచ్చింది. బదులుగా పొడుగాయన వెళ్ళాడు. అక్కడే మా కొంప మునిగింది. ఆ సంగతి ఆ రోజు మాకు తెలియదు.

సాయంత్రం పొడుగాయన నేరుగా నా కొట్టుకే వచ్చాడు.

"ఏం పట్టు పట్టాడనుకున్నారు అక్కగారూ! డాక్టరేదో చేతికిచ్చి నొక్కమన్నాడు, నొక్కి పారేశాడు. చెయ్యి చాపమంటే చాపాడు, ఇంత కూడా కదల్లేదు. నొప్పుందా అంటే లేదన్నాడు. పనికెళ్తావా అంటే రేపు రమ్మన్నా వెళ్తానన్నాడు. నేనక్కడే నిలబడి చూశాను కదా!"

ఆయన కళ్ళ నిండా నీళ్ళు. తనవల్ల తమ్ముడి చెయ్యి పోయిందన్న బాధ ఆయన్ని ఇన్నాళ్ళూ లోపల్లోపల తినేసింది. నాకు కూడా సంతోషం ఆగలేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి టీ తెప్పించాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు బీమా కంపెనీ మనిషి వాళ్ళింటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా ఆయన మొహంలో నవ్వు చెరగలేదు. అందుకని ఆయనకు నవ్వులాయన అని పేరు పెట్టాను. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. చెప్పులు గుమ్మం బయటే విప్పాడు. పిల్లల్ని ఏం చదువుతున్నారని అడిగాడు.

"చూడండమ్మా, మేస్త్రీగారి చెయ్యి దాదాపు కోలుకుంది. డాక్టరుగారే రాశారు. ఇదిగో, ఇదీ మేమిచ్చే మొత్తం. ఒక్కసారే చేతికొస్తుంది. నెలనెలా మా చుట్టూ తిరిగే పని లేదు. సోమవారం పొద్దున పరిహారం ఆఫీసరుగారి ముందు సంతకం పెడితే అయిపోతుంది."

"ఆలోచించుకోవాలి కదండీ" అన్నాను.

"తప్పకుండా ఆలోచించుకోండి. సోమవారం దాటితే ఈ మొత్తం ఇలాగే ఉంటుందో ఉండదో నేను చెప్పలేను. అంతే" అని నవ్వాడు.

ఆ మొత్తం చూడగానే మా చెల్లెలి మొహం విప్పారింది. దాని తప్పేముంది! అంత డబ్బు ఒక్కసారిగా చూడటం మా ఇంటా వంటా లేదు. అద్దె బకాయి, పిల్లల ఫీజులు, చేబదుళ్ళు అన్నీ దాని కళ్ళముందు ఒకేసారి తీరిపోయాయి. మా మరిది కాగితాన్ని ఎడమచేత్తో పట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివాడు. "బాగైందనే రాశారు వదినా" అన్నాడు.

నాకెందుకో మనసు కుదుటపడలేదు. ముందే కాలిన బట్టను లోపలికి మడతపెట్టి తెచ్చి, ఇస్త్రీలో కాలిందని తగువేసుకునేవాళ్ళు నా కొట్టుకు కొందరు వస్తుంటారు. వాళ్ళు సరిగ్గా ఇలాగే నవ్వుతూ వస్తారు.

మర్నాడు పొద్దున ఇస్త్రీ చేసిన బట్టలు ఇద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. మా మరిది గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. మా చెల్లెలు అతని చొక్కా బొత్తాలు పెడుతోంది. ఒకటి కాదు, కింది నుంచి పై దాకా అన్నీ. నన్ను చూడగానే బొత్తాం వదిలేసి కాలరు సర్దుతున్నట్టు నటించింది. నా చెల్లెలికి నటన రాదు. బయటికి పిలిచి అడిగితే మొదట ఏం లేదంది, తర్వాత ఏడ్చింది.

"ఉంగరం వేలు, చిటికెన వేలు చచ్చుపడ్డాయక్కా. మిగిలినవి వంగుతాయి గానీ కాసేపటికే వణుకు. చెంచా పట్టుకోలేడు, తాళం తిప్పలేడు. నొప్పికి మాత్రలు మింగుతున్నాడు. ఎవరికైనా చెప్పావంటే నా మీదొట్టే అన్నాడు."

"మరి డాక్టరు దగ్గర నొక్కి పారేశాడట కదే!"

"పొడుగన్నయ్య ఎదురుగా ఉన్నాడు కదా" అంది. "వచ్చాక ఆ చెయ్యి నీళ్ళలో పెట్టుకుని సాయంత్రం దాకా పళ్ళు బిగించి కూర్చున్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక మా చెల్లెలి మీదే మండిపడ్డాను. కాసేపయ్యాక భయం వేసింది. బాగైపోయిందని కాగితం చెబుతున్న చెయ్యికి ఒక రేటు కట్టి ఇస్తున్నారు, సోమవారం ఎంతో దూరం లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగాల్సినవాడే నాకేం వద్దు, నేను భేషుగ్గా ఉన్నానని చెప్పి వచ్చాడు.

బీదవాళ్ళకు ఉచితంగా సలహా ఇచ్చే లాయరమ్మ ఒకావిడ ఉందని నా కొట్టుకు వచ్చేవాళ్ళెవరో చెప్పారు. మా మరిదికి చెప్పకుండా ఇద్దరం వెళ్ళాం. మెట్లెక్కి వెళ్తే పైన ఒకే గది. బెంచీ మీద కాలికి కట్టుతో ఒకాయన, చంకలో కర్ర పెట్టుకుని ఇంకొకాయన కూర్చుని ఉన్నారు. వాళ్ళ పక్కన మా చెల్లెలు బెంచీ చివరికంటా జరిగి కూర్చుంది. లాయరమ్మ నాకంటే చిన్నది. కళ్ళద్దాలు నెత్తిమీద పెట్టుకుని వాటికోసం బల్లంతా వెతికింది. నేను చూపిస్తే నవ్వి, కాగితం మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా చదివింది.

"ఇది ఎక్కువా తక్కువా అని చూస్తున్నారా?" అంది.

"అవునమ్మా."

"ముందు అది చూడకండి. దేనికి బదులు ఇస్తున్నారో చూడండి. ఇది తీసుకుంటే ఈ చేతికి ఇక ఎప్పుడూ వాళ్ళు వైద్యం చేయించరు. రేపు ఇంకో ఆపరేషన్ కావాలన్నా, పదేళ్ళకి నొప్పి ముదిరినా, ఖర్చంతా మీదే. ఆఫీసరు సరేనన్నాక మళ్ళీ అడగటానికి ఉండదు. డాక్టరు రెండో ఆపరేషన్ మాట ఎప్పుడైనా అన్నాడా?"

మా చెల్లెలు తల ఊపింది.

"ఈ మొత్తం పరీక్ష కాగితాన్ని బట్టి కట్టారు. అందులో చెయ్యి దాదాపు బాగుందని, పాత పనికే వెళ్తాడని ఉంది. నిజంగా ఎలా ఉంది?"

మా చెల్లెలు నా వంక చూసింది. తర్వాత అన్నీ చెప్పేసింది. లాయరమ్మ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"అయితే ఈ లెక్క మీ ఆయనది కాదమ్మా, లేని మనిషిది. మళ్ళీ పరీక్ష చెయ్యమని అడగొచ్చు. సోమవారం సంతకం పెట్టి తీరాలని ఎక్కడా లేదు, అది వాళ్ళు పెట్టిన గడువు. కానీ అడగాల్సింది ఆయన. ఆయన నోటితో ఆయన చెప్పుకోవాలి. మీరెంత చెప్పినా, నేనెంత వాదించినా, ఆయన బాగున్నానంటే అంతే సంగతులు."

"మళ్ళీ పరీక్ష చేస్తే ఎక్కువిస్తారా?" అంది మా చెల్లెలు.

"మాటివ్వలేను. నెలలు పట్టొచ్చు. ఈ లోపు వీళ్ళు విసిగించొచ్చు. అబద్ధం చెప్పి మిమ్మల్ని పంపించడం నాకిష్టం లేదు. వైద్యం తలుపు మాత్రం తెరిచే ఉంటుంది."

మెట్లు దిగుతుంటే మా చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నెలలంటే ఎలాగక్కా? ఇంటాయన అద్దె కోసం ఇప్పటికే గుమ్మంలో నిలబడుతున్నాడు" అంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సంతకం పెడితే చెయ్యి పోతుంది, పెట్టకపోతే వాళ్ళిచ్చే ఆ కాస్త జీతంతో ఇల్లు గడవదు.

ఇంటికి వెళ్ళేసరికి మా మరిది గుమ్మంలోనే ఉన్నాడు.

"ఎక్కడికెళ్ళారు ఇద్దరూ?"

మా చెల్లెలు నా వంక చూసింది. అబద్ధాలాడే పని చిన్నప్పటి నుంచీ నాకే వదిలేస్తుంది. ఈసారి నేను ఆడలేదు.

"లాయరు దగ్గరికి. నీ చెయ్యి సంగతి కనుక్కుందామని."

"నా చెయ్యి సంగతి నన్నడగాలి గానీ లాయరుకేం తెలుసు వదినా?"

"నిన్నడిగితే బ్రహ్మాండంగా ఉందంటావు. పెళ్ళాం చేత బొత్తాలు పెట్టించుకుంటూ!"

అతని మొహం పాలిపోయింది. మా చెల్లెలి వైపు తిరిగి "చెప్పేశావా?" అన్నాడు. అరిచినా బాగుండేది. అంత మెల్లగా అనేసరికి అది గోడకు ఆనుకుపోయింది.

"దాన్నేం అనకు" అన్నాను. "డాక్టరు ఇంకో ఆపరేషన్ అవసరం రావచ్చన్నాడు కదా. ఈ కాగితం మీద సంతకం పెడితే దానికి డబ్బెవరిస్తారు?"

"ఆపరేషన్ ఎందుకు? బాగైపోయిందని రాసుంది కదా! వాడుతుంటే పట్టు అదే వస్తుంది. సోమవారం సంతకం పెడతా, మంగళవారం పనిలోకెళ్తా. అన్న నాకోసం ఇన్నాళ్ళూ ఎవర్నీ జోడీ పెట్టుకోకుండా ఆగాడు. రోజుకొకడితో నెట్టుకొస్తున్నాడు."

అప్పుడు నాకు తట్టింది. ఆ కాగితంలో మేం డబ్బు చూస్తున్నాం, అతను తన చెయ్యి చూసుకుంటున్నాడు. ఆ చెయ్యి బాగుందని చెప్పింది లోకంలో ఆ ఒక్క కాగితమే. అది తప్పని ఒప్పుకుంటే చెయ్యి పోయిందని తన నోటితో తనే చెప్పాలి. కోపం కాస్తా జాలిగా మారింది. జాలి పడితే మాత్రం ఏం లాభం? సోమవారం ఆగుతుందా?

శనివారం కొట్టు మూసేసి గోడౌను గేటు దగ్గరికి వెళ్ళాను. పొడుగాయన బయటికి రాగానే డొంకతిరుగుడు లేకుండా ఉన్నదున్నట్టు చెప్పాను.

"అబద్ధం అక్కగారూ. నేను కళ్ళారా చూశాను."

"మీరు చూస్తున్నారనే అలా చేశాడు. మీరు ఆ గదిలో లేకపోతే డాక్టరు నిజం రాసేవాడు."

ఆ మాట ఆయనకు ఎంత గుచ్చుకుందో మొహంలో కనిపించింది. గుచ్చుకోవాలనే అన్నాను. ఆయన గేటు ఊచ పట్టుకుని నిలబడిపోయాడు.

ఆదివారం పొద్దున కంపెనీ చిన్న బండి వచ్చి మా వీధి మొదట్లో ఆగింది. పొడుగాయన దిగాడు. వెనక దుప్పట్లు చుట్టిన పెద్ద అద్దం ఉంది.

"మీ కొట్టు ముందువైపుకి అద్దం కావాలన్నారు కదా, తెచ్చాను" అన్నాడు.

నేనెప్పుడూ అనలేదు. ఆయన కళ్ళు చూసి తలాడించాను. తన చేతులకు తెలిస్తే తప్ప ఆయన నమ్మడని అర్థమైంది.

"తమ్ముణ్ణి పిలవండి. ఒక చెయ్యి వేస్తాడు."

మా మరిది దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతి తొడుగులు పళ్ళతో లాక్కుని వేసుకున్నాడు. ఇన్ని నెలలూ ఏ మాత్రా, ఏ మాటా తెప్పించలేని కళ అతని మొహంలో ఉంది. మా చెల్లెలు వెనకాలే వచ్చి "వద్దండీ" అంది. వినిపించుకోలేదు.

ఇద్దరూ చెరో కొస పట్టారు. ఎత్తారు. బండికీ నా కొట్టుకూ మధ్య నాలుగడుగులు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నాకైతే తేడా ఏమీ కనబడలేదు. మా మరిది మోచేతిని డొక్కకు అదిమిపెట్టి నిటారుగా నడుస్తున్నాడు, మొహం ప్రశాంతంగా ఉంది. కానీ రెండో అడుగుకే పొడుగాయన మొహం మారిపోయింది. ఆయన అద్దాన్ని కొద్దికొద్దిగా తన ఛాతీ వైపు వంచుకుంటూ, చేతిని అడుగున మధ్యదాకా జరిపి, బరువంతా తనమీద వేసుకున్నాడు. ఒక్కడు పట్టకూడని అద్దం అది. అడుగులో అడుగు వేసుకుంటూ తీసుకెళ్ళి నా గోడకు ఆనించాడు. మా మరిది చేతులు గాల్లో ఖాళీగా ఉండిపోయాయి.

"ఎప్పట్నుంచి?" అన్నాడు పొడుగాయన.

"మొదట్నుంచీ."

"నాకు చెప్పొద్దూ?"

"చెబితే నువ్వు ఇంకొకణ్ణి చూసుకుంటావు."

పొడుగాయన దగ్గరికి వచ్చి అతని భుజాలు పట్టుకున్నాడు. "చూసుకోనురా. నువ్వెలా ఉన్నా నీతోనే ఎత్తుతా. బరువు నావైపు వేసుకుంటా, ఎవడికీ తెలియనివ్వను. సంతకం పెట్టి వచ్చెయ్. నా ప్రాణం నిలబెట్టినవాణ్ణి ఎలా వదులుతా?"

మంచి మాటే. కానీ వింటుంటే ఆ జోడీ నా కళ్ళకు కట్టింది. వణికే చెయ్యి ఒక కొసన, ఆ వణుకు తెలిసి కూడా నోరు మూసుకున్నవాడు రెండో కొసన. మధ్యలో మనిషంత అద్దం. ఆయన అబద్ధం ఆడటం లేదు, నిజంగానే అలా మోస్తాడు. ఒకరోజు అది ఆయన మీదే పడుతుంది. మా చెల్లెలి మొహం చూస్తే దానికీ అదే తోచిందని తెలిసింది. మా మరిది ఒక్కొక్కటిగా తొడుగులు విప్పి ఆ అద్దం పక్కనే మెట్టుమీద కూర్చున్నాడు. భోజనానికి పిలిచినా లేవలేదు. చీకటి పడేముందు లేచి ఇంటికి వెళ్ళాడు. సంతకం పెడతావా, పెట్టవా అని అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

సోమవారం పొద్దున పరిహారం ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. మా చెల్లెలు మాటిమాటికీ మంచినీళ్ళ కోసం లేచింది. తాగేది లేదు, లేవడమే. పొడుగాయన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. లాయరమ్మ కూడా వచ్చింది గానీ, "ఆయన మాట్లాడకపోతే నేను చెయ్యగలిగింది లేదు" అని నా చెవిలో మళ్ళీ చెప్పింది. నవ్వులాయన అందరికీ నమస్కారాలు పెట్టాడు.

లోపలికి పిలిచారు. ఆఫీసరుకు జలుబు. ముక్కు తుడుచుకుంటూ కాగితం తిరగేశాడు.

"ఇందులో ఏముందో మీకు చదివి వినిపించారా?"

"వినిపించారు సార్" అన్నాడు మా మరిది.

"సంతకం అయ్యాక ఈ చేతికి వైద్యం గానీ, పరిహారం గానీ మళ్ళీ అడగడానికి వీల్లేదు. తెలుసా?"

"తెలుసు సార్."

ఒక్కో 'సార్'కీ నా గుండె ఒక్కో మెట్టు దిగింది. అయిపోయింది అనుకున్నాను. మా చెల్లెలు నా మణికట్టు గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"మంచిది. మళ్ళీ పాత పనిలోకే వెళ్తున్నారా?"

మా మరిది మాట్లాడలేదు. ఆఫీసరు తలెత్తి చూశాడు.

"వెళ్తున్నారు సార్" అన్నాడు నవ్వులాయన. "పరీక్ష రోజే చెప్పారు."

"ఆయన్ని చెప్పనివ్వండి."

మా మరిది వెనక్కి తిరిగాడు. ఆఫీసరును వదిలేసి, గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డ పొడుగాయన్ని చూశాడు.

"అన్నా, నా కొసకి ఇంకొకణ్ణి చూసుకో."

"వద్దురా తమ్ముడూ. నేనెవర్నీ చూసుకోను."

"చూసుకోవాలి. మళ్ళీ పట్టీ తెగితే నీకు అడ్డం పెట్టడానికి నా దగ్గర చెయ్యి లేదన్నా."

నవ్వులాయన మొహంలో నవ్వు లేకపోవడం నేను అప్పుడే చూశాను. పొడుగాయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అంత పొడుగు మనిషీ గుమ్మంలో కుదించుకుపోయాడు.

"ఏమంటున్నారు? నాకు చెప్పండి" అన్నాడు ఆఫీసరు. గొంతు మెత్తబడింది.

"మళ్ళీ పరీక్ష చేయించండి సార్" అన్నాడు మా మరిది. "ఆ రోజు డాక్టరుకు నేను ఉన్నది చెప్పలేదు. ఈ రెండు వేళ్ళూ ఉన్నాయో లేవో నాకే తెలియదు. ఈ చేత్తో నేనిక అద్దం ఎత్తలేను."

మా చెల్లెలు ఏడుస్తోంది. ఈ మాట అనిపించడానికి అంత పోరాడిన నేనూ ఏడ్చాను. ఎందుకు ఏడ్చానంటే, ఆ మాట నిజం కాబట్టి.

లాయరమ్మ లేచి రెండో ఆపరేషన్ సంగతి చెప్పింది. ఆఫీసరు కాగితాన్ని నవ్వులాయన వైపు జరిపాడు. ఇది ఇవాళ కుదరదని, వేరే డాక్టరు చేత మళ్ళీ పరీక్షకు రాస్తున్నానని, తేలేదాకా వైద్యం వాళ్ళే చూడాలని అన్నాడు. ఎన్నాళ్ళు పడుతుందంటే చెప్పలేనన్నాడు. అద్దె సంగతి ఏమిటో, ఇంటాయనకు ఏం చెప్పాలో మాకూ తెలియదు.

అందరం లేచాం. మా మరిది మాత్రం కదల్లేదు. కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఆఫీసరు బల్లమీద పెట్టాడు.

"సార్, ఆ రెండో ఆపరేషన్ చేస్తే ఇది ఎంతవరకు వస్తుందంటారు?"

"అది డాక్టర్నడగాలయ్యా, నాకేం తెలుసు" అన్నాడు ఆఫీసరు.

"అడుగుతా సార్" అన్నాడు. ఇన్ని నెలల్లో తన చెయ్యి గురించి అతను ఒకరిని అడగగా నేను చూడటం అదే మొదటిసారి.